ఊ కొట్టాలి

ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజు. రెండో తరగతి గదిలో, పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్న అమ్మమ్మ ముందు టీచరు కార్డు పెట్టింది.

"నిమిషానికి నలభై అయిదు మాటలు చదవాలి, అమ్మమ్మగారూ. మీ మనవరాలు పందొమ్మిది దగ్గరే ఆగిపోయింది. కింది జట్టులో వేయాల్సొస్తుంది."

"అదేం చోద్యం! రోజూ నాకు కథ చదివి వినిపిస్తుంది. రైలుబండే అనుకోండి!"

"ఇక్కడ మాత్రం వాక్యానికోసారి ఆగి నా మొహంలోకి చూస్తుందండీ."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"నేనేం చేస్తాను? స్టాప్‌వాచ్ చూస్తూ కూర్చుంటాను. పరీక్షలో నోరు మెదపకూడదు కదా."

"అదీ సంగతి! ఊ కొట్టలేదన్నమాట. మా ఇంట్లో ఊ కొట్టకపోతే కథ ముందుకు నడవదు, టీచరమ్మా. వినేవాళ్లు నిద్రపోయారనుకుంటుంది."

"ఊ కొట్టాలా? పరీక్షలోనా?"

"ఒక్కసారి కొట్టి చూడండి. మీ సొమ్మేం పోతుంది?"

టీచరు వరండాలో ఉన్న పాపను పిలిచి, పరీక్షలో ఇచ్చిన నక్క కథే మళ్లీ చదివించింది. వాక్యానికో ఊ కొట్టింది. పాప గడగడా చివరిదాకా చదివేసి, ఆటకు తుర్రుమంది.

"ఎన్ని మాటలొచ్చాయి, టీచరమ్మా?"

"అయ్యో! స్టాప్‌వాచ్ నొక్కడమే మరిచిపోయానండీ."

"అయితే కింది జట్టులో వేయాల్సింది మిమ్మల్నే!"

"వేసేయండి. ఈ కథతో ముప్పైమందికి పరీక్ష పెట్టాను, అమ్మమ్మగారూ. కథ విన్నది మాత్రం ఇవాళే."