మేస్త్రీ మోకాళ్ల బలం

దర్జీ టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల బావ బల్లెక్కి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు. బావ తాపీమేస్త్రీ. చెయ్యి ఎంత మంచిదో, నోరు అంతకు రెండింతలు. ఆసుపత్రి నుంచి పరుగు నడకన వచ్చిన దర్జీకి ఊపిరి అందడం లేదు.

"బావా, ఓసారి ఇలా..."

"ఉండరా, మంచి పట్టులో ఉంది కథ," అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు మేస్త్రీ. "ఏమంటున్నానూ? ఆ, కమోడ్! కుర్చీలో కూర్చున్నట్టు దొడ్డికి కూర్చునే సోకు మనిషిని చెడగొడుతుందయ్యా. గొంతుక్కూర్చుంటేనే కాలికి సత్తువ. ఓసారి పరంజా మీద ఇలాగే కూర్చుని, లేవకుండా, కప్పలా జరుగుతూ గోడంతా పూత పూసేశా."

"అదెవరైనా చేస్తారులే," అన్నాడు ఆటో అతను.

"చేస్తారూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలివాన! పరంజా కర్రలు పుల్లల్లా ఎగిరిపోయాయి. నేను మాత్రం కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, గాల్లో!"

"పడలేదా?"

"పడాలంటే ముందు లేవాలి కదా! అంతలో మేడ ఒరిగింది. లోపల ఇంటాయన, పిల్లాజెల్లా. ఈ రెండు మోకాళ్లూ ఆనించా. మూడంతస్తులు బాబూ, నా మోకాళ్ల మీద పసిపిల్లలా పడుకుంది. సిమెంటు ఆరేదాకా కదిలితే ఒట్టు. ఇంకేం, వరదొచ్చింది. నీళ్లు నా దాకా వచ్చి, నన్ను చూసి, అటోపాయ ఇటోపాయ చీలిపోయాయి. నా వెనక వీధిలో ఆడవాళ్లు బట్టలారేసుకున్నారు! అందుకే మా ఇంట్లో కమోడ్‌ని గడప తొక్కనివ్వను. మోకాళ్లు పట్టేశాయని మా ఆవిడ ఒకటే పోరు. రోజూ గొంతుక్కూర్చో, అవే వదులుతాయన్నా. వదిలాయి! ఇప్పుడు అడగడమే మానేసింది."

అందరూ గొల్లుమన్నారు.

"నీళ్లు తాగడం కూడా మానేసింది బావా," అన్నాడు దర్జీ.

నవ్వులు ఆగాయి.

"లెట్రిన్‌లో కూర్చుంటే లేవలేక. ఓసారి గోడ పట్టుకుని లేవబోయి జారిందట. గడియ అందక అక్కడే పడుందట. నువ్వు ముందుగదిలోనే ఉన్నావు. పిలవడానికి సిగ్గేసిందట. అప్పట్నుంచి వెళ్లే పని పడకూడదని పొద్దునో గుక్క, సాయంత్రమో గుక్క. తిండీ తగ్గించేసింది. ఇవాళ నువ్వు బయటికెళ్లాక వంటింట్లో కూలబడితే పక్కింటామె నాకు కబురు పెట్టింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. నీళ్లెందుకు తాగలేదమ్మా అంటే అక్క నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. నన్ను బయటికి పంపాకే నర్సుతో చెప్పుకుంది. ఆ నర్సే నాకు చెప్పింది."

మేస్త్రీ బల్ల మీద నుంచి దిగబోయాడు. కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి, ఆటో అతను రెక్క పట్టుకుని దింపాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

టీకొట్టు ఆయన స్టవ్వు తగ్గించి, గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

"సరే, అయిందేదో అయింది. సాయంత్రానికల్లా కమోడ్ పెట్టేస్తా. ఎంతసేపురా? ఈ ఊళ్లో సగం కమోడ్లు ఈ చేతులు పెట్టినవే. నా అంత చకచకా పెట్టేవాడు..."

"తొందరేం లేదు బావా. మంచం మీదే మూత్రానికి గొట్టం వేశారు. ఎప్పటికి లేస్తుందో చెప్పలేమన్నారు."

మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు వెనకనుంచే అడిగాడు.

"నా గురించి అడిగిందా?"

"లేదు," అన్నాడు దర్జీ. "నీళ్లడిగింది. ఇప్పుడు ఇవ్వకూడదన్నారు."