మామిడి కొత్తల పండుగ కాకముందు

ఇటలీలో నర్సు ఉద్యోగం కోసం రేపు ఫోన్‌లో జరగబోయే ఇంటర్వ్యూకి భవాని ఇటాలియన్ వాక్యాలు వల్లె వేస్తోంది. పక్కనే వాకిట్లో అవ్వ ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

“ఇయో మాంజో ఉన్ మాంగో.”

“ఏమంటున్నవే?”

“ఇయో అంటే నేను, మాంజో అంటే తింట. నేను మామిడిపండు తింట అని, అవ్వా.”

“థూ! కొత్తల పండుగ కానేలేదు. ముత్యాలమ్మకు తొలికాయ పెట్టకముందే తింటవా?”

“నేనేడ తింటున్న? ఉత్త మాటనే గది.”

“మాటైనా నోట్లెకెళ్లే గద వచ్చేది. తిననని చెప్పు.”

“నడుమ నోన్ పెడితే సరి. ఇయో నోన్ మాంజో.” భవాని నవ్వు ఆపుకుంది.

“గట్ల. మళ్లొకసారి అను.”

“ఇయో నోన్ మాంజో. సరేనా?”

అవ్వ ఇప్పపువ్వును చేత్తో పరుస్తూ అడిగింది.

“ఆడికి పోయినంక, మనకాడ పండుగ అయిందని నీకు ఎవలు చెప్తరు?”

ఈసారి భవానికి నవ్వు రాలేదు.

“నువ్వే ఫోన్ చెయ్ అవ్వా. నువ్వు చెప్పేదాంక ముట్టను.”

“అయితే, ‘ఇగ తిను బిడ్డా’ అని ఆల్ల బాసల ఎట్లంటరు? నాకు గూడ నేర్పు.”