ఎటు తిరుగుతుందో చూడలేదు

సభకు పెద్దగా కూర్చున్న మన మేనేజరుగారికి, ముఖ్య అతిథిగా వచ్చిన పాత మేనేజరుగారికి, నాకు పని నేర్పి, ఇవాళ చేతికర్ర పట్టుకునైనా వచ్చిన మా పెద్ద మేస్త్రీగారికి, లేతు మిషనువాళ్ళకి, వెల్డింగువాళ్ళకి, టీ పెట్టి తలుపు దగ్గర నిలబడ్డ క్యాంటీన్ బాబాయికి, కాళ్ళు ఊపకుండా నిలబడమని ముందు వరుసలోంచి గుడ్లురుముతున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం.

ఇంతసేపూ మాట్లాడినవాళ్ళంతా కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. అతిథిగారైతే "ఈయన చెయ్యి పడ్డ మోటారుని రెండోసారి చూడక్కర్లేదు" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచీ నాకు కుర్చీలో నిలకడగా కూర్చోవడం కుదరలేదు. (నవ్వులు) నవ్వకండి, అది సిగ్గుతో కాదు. ఎందుకో చెప్తాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియకే ఈ మైకు వైరు ఇలా నలుపుతున్నాను.

అదిగో, ఆ బల్ల మీద రిబ్బను కట్టుకుని కూర్చుంది, మన పాత బెంచి గ్రైండరు. నడుమ మోటారు, అటూ ఇటూ రెండు సానరాళ్ళు, అంతే కదా దాని సొగసు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది పాతది. పోయిన నెల లోపలి రాగితీగ చుట్ట కాలి, పొగలు కక్కి ఆగిపోయింది. మేనేజరుగారు "పాత ఇనుముకి వేసేద్దాం, కొత్తది తెప్పిస్తా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయ్యా, మీ మీద కాదు, రిటైరయ్యేవాడి ముందు నిలబడి "పాతది తీసేద్దాం" అంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. (నవ్వులు, మేనేజరుగారు కూడా) వెళ్ళేలోగా దాన్ని తిప్పి చూపిస్తానని పంతం పట్టాను. మాడిపోయిన తీగంతా గీకి తీసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, బేరింగులు మార్చి, మూడు వారాలు దాంతోనే కాపురం చేశాను. అన్నం తింటూ కూడా గాల్లో తీగ చుడుతున్నానని మా ఆవిడ సాక్ష్యం చెప్తుంది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఇలాంటి మోటారులో రెండు చుట్టలుంటాయి. ఒకటి నడిపేది, ఇంకొకటి మొదట్లో ఒక తోపు తోసి కదిలించేది. ఆ రెండోదాని కొసలు తారుమారుగా కలిపితే మోటారు కాలదు, ఆగదు, మూలగదు. హాయిగా తిరుగుతుంది, కాకపోతే వెనక్కి తిరుగుతుంది. ఫ్యానైతే గాలి రాదు, పోనీలే అనుకుంటాం. గ్రైండరు వెనక్కి తిరిగితే, కిందికి పడాల్సిన నిప్పురవ్వలు మొహం మీదికి లేస్తాయి. రాళ్ళని పట్టి ఉంచే నట్లు వాటంతటవే వదులవుతాయి. ఆ వేగంలో రాయి ఊడితే ఎదురుగా ఉన్న మనిషి గతేమిటో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇవాళ మధ్యాహ్నం కొసలు కలిపి, రాళ్ళు ఎక్కించకుండా స్విచ్చి వేశాను. ఝుమ్మంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎటు తిరుగుతోందో చూద్దామని వంగేలోపే "ఫొటోకి రండి, అందరూ నిలబడ్డారు" అని కేక. ఆపేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మన వెల్డింగువాళ్ళు, పాపం సాయం చేద్దామనే, రాళ్ళు బిగించి, మూతలు వేసి, రిబ్బను కూడా కట్టేశారు. లేతు మీద పనిచేసే మా చెల్లెమ్మ అక్కడే ఉంది. తోడబుట్టింది కాదు, పదిహేనేళ్ళుగా అన్నయ్యా అంటూనే నాతో పోట్లాడే మనిషి. రోజూ పొద్దున్నే పనిముట్లు సానపెట్టుకోవడానికి ఆ రాయి ముందు మొదట నిలబడేది ఆమే. "ఎటు తిరుగుతోందో చూశావా అన్నయ్యా?" అని అడిగింది. "చూశాలే, నువ్వా నాకు నేర్పేది?" అన్నాను.

నేను చూడలేదు.

ఇంకాసేపట్లో అతిథిగారు రిబ్బను కత్తిరించి స్విచ్చి వేస్తారట. వెయ్యకండి సార్. కొసలు సరిగ్గానే కలిపి ఉంటాను. నూటికి తొంభై పాళ్ళు కలిపే ఉంటాను. మిగతా పది పాళ్ళకి ఎదురుగా మా చెల్లెమ్మ మొహం ఉంది. మీరు నన్ను పొగుడుతున్నంతసేపూ, ఇప్పుడే లేచి చెబుదామా, అందరూ వెళ్ళాక గుట్టుగా విప్పి చూసుకుందామా అని లోపల ఒకటే కొట్టుకులాట. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుందని భయం వేసింది. నిజంగా భయం వేసింది.

ఎవరైనా ముందు ఆ ప్లగ్గు పీకండి బాబూ. ఏంటమ్మా, చెయ్యెత్తావ్? ఆఁ? (ఆగి) వెనకవాళ్ళకి వినపడలేదు, నేనే చెప్తాను. "చూశాలే అన్నప్పుడు నువ్వు నా మొహంలోకి చూడలేదు అన్నయ్యా. అప్పుడే దాని కరెంటు వైరు ఊడదీసి నా పనిముట్ల డబ్బాలో పెట్టేశాను" అంటోంది. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

కొట్టండి, ఈ చప్పట్లు పడాల్సిన చోటే పడ్డాయి. అయినా ఆ మాట ముందే చెప్పొచ్చు కదే తల్లీ, ఇంతసేపూ ముళ్ళ మీద కూర్చున్నాను!

(ఆగి) "నువ్వే చెప్తావేమోనని చూశాను" అంటోంది.

(నలుపుతున్న మైకు వైరు వదిలేసి)

నా పనిని ఎవరూ తిరిగి అడగకపోవడమే గౌరవం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నన్ను అడిగిన మనిషిని కసిరాను. క్షమించమ్మా. సభ పెట్టినవాళ్ళకి, వచ్చినవాళ్ళకి, ఓపిగ్గా విన్నవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు. టీ చల్లారిపోతోంది, మీరు కానివ్వండి. పదమ్మా, ఆ వైరు తీసుకురా. రాళ్ళు విప్పి తిప్పుదాం. ఈసారి నువ్వు చూడు, నేను పక్కన నిలబడతాను. నువ్వు సరే అన్నాకే గేటు దాటతాను. సెలవు.