కింద ఆయిలు కారలేదు

కొరియాలోని తోంగ్‌యోంగ్ రేవులో నెత్తళ్ళు పట్టే కొత్త పడవకి, వేట బాగా సాగాలని పంది తల పెట్టి మొక్కులు చెల్లించిన మర్నాటి పొద్దు. వలలు బాగుచేసే మన్‌బోక్, అతని కన్నా చిన్నవాడైన ఇంజను మనిషి తేషిక్ ఎదురెదురుగా కూర్చుని వల చిక్కులు విడదీస్తున్నారు. తేషిక్ చర్చిలో సంఘ పెద్ద. మన్‌బోక్‌కి ఏ దేవుడితోనూ పరిచయం లేదు. తేషిక్ మాత్రం నిన్నటి నుంచి సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాడు.

"మోకాలు నొప్పా అని అడుగుతున్నా తమ్ముడూ, చెవుడొచ్చిందా?"

"నాకా? నొప్పా? లేదే అన్నా."

"మరి నిన్న మూడోసారి వంగినవాడివి లేవడానికి అంతసేపు పట్టిందేం?"

"తడి చెక్క కదా. జారింది."

"జారి మొక్కావా?"

"అబ్బ, వదిలెయ్యన్నా! మొక్కాను, అయిపోయింది. అందరూ మొక్కలేదూ?"

"అందరి సంగతి వేరు. అందరికీ అన్నం ముందు కళ్ళల్లో నలక పడదుగా."

"నలకేంటి?"

"రోజూ గిన్నె ముందు పెట్టగానే కళ్ళు మూసుకుని నులుముకుంటావు చూడు, అది. మొదట్లో పాపం నలకేమో అనుకున్నా. ఆరేళ్ళ పాటు, సరిగ్గా అన్నం వేళకే పడే నలక ఉంటుందా తమ్ముడూ?"

"...నీకు తెలుసా?"

"ఒకే జట్టు, ఒకే పొయ్యి. తెలియకుండా ఎలా ఉంటుంది? అందరికీ తెలుసు."

"సరంగుక్కూడానా?"

"సరంగుక్కూడా."

"మరి తెలిసీ నన్నెందుకు పిలిచాడు?"

"పిలిచాడా?"

"పిలవలేదూ? వరసగా పేర్లు పిలుస్తూ..."

"బాగా గుర్తు తెచ్చుకో. నన్ను పిలిచాడు. వంటాయన్ని పిలిచాడు. చుక్కాని పట్టే పార్క్‌ని పిలిచాడు. నీ పేరు పిలిచాడా?"

"...మొక్కే చాప ఖాళీగా ఉంది. అందరూ నా వైపే చూశారు."

"మేం చూసింది పంది తలని. నిన్నెవడు చూశాడయ్యా? అసలు నువ్వు పైకెందుకొచ్చావు?"

"కింద ఆయిలు కారుతోంది చూడు అన్నావుగా. వెళ్ళి చూశాను. ఎక్కడా కారడం లేదు. ఆ మాటే చెబుదామని వచ్చాను."

"కారదు. కొత్త ఇంజను, ఎందుక్కారుతుంది?"

"మరి నువ్వే..."

"ఆ పూట నిన్ను కింద ఉంచడానికన్నానురా! ముందురోజే సరంగుకి బియ్యం కల్లు పోయించి బతిమాలాను. వాడు చర్చి మనిషి, వాణ్ణి ఇబ్బంది పెట్టకు అని. 'సరే, ఏదో పని చెప్పి కిందికి పంపు' అన్నాడు. పంపాను. నువ్వేమో మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పి, చాప మీద బోర్లా పడ్డావు."

"అన్నా..."

"ఒకసారి కాదు, మూడుసార్లు!"

"భయమేసిందన్నా. ఒక్కణ్ణే నిటారుగా నిలబడితే... రేపు నెత్తళ్ళు పడకపోతే తేషిక్ మొక్కలేదంటారు. ఎవడికైనా దెబ్బ తగిలితే తేషిక్ వల్లే అంటారు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానన్నా. సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పేది నేనే. బంగారు ప్రతిమకి మొక్కని ముగ్గురు కుర్రాళ్ళ కథ పోయిన వారమే చెప్పాను. అగ్నిగుండంలో వేస్తామన్నా వాళ్ళు వంగలేదని బల్ల చరిచి మరీ చెప్పాను."

"వాళ్ళకి అగ్నిగుండం. మరి నీకేం వేశారు?"

"...చాప."

"అదీ పాతది."

"తిట్టన్నా. ఇంకా తిట్టు. కానీ నాకొకటి అర్థం కావడం లేదు. నువ్వే దేవుణ్ణీ నమ్మవు. నేను మొక్కితే నీకేం, మొక్కకపోతే నీకేం? నా కోసం సరంగుని బతిమాలడం దేనికి?"

"ఏదోలే. ఆ ముడి ఇలా పట్టు."

"చెప్పన్నా."

"ముడి పట్టమన్నానా!"

"పట్టాను. చెప్పు."

"...మీ వదిన గురించి."

"వదినకి తగ్గుతోందన్నావుగా?"

"అన్నాను. ఏమనమంటావు మరి? ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టర్లు. పూనకమొచ్చే దేవరమ్మని పిలిపించి డప్పులు కొట్టించాను. ఏమీ లేదు. నీ నలక సంగతి ఇంట్లో చెప్పి నవ్వుకునేవాళ్ళం ఎప్పుడూ. ఈమధ్య నేను చెబితే అది నవ్వడం మానేసింది. 'ఆ కళ్ళు నులుముకునే అబ్బాయిని ఒకసారి తీసుకురా. ఆరేళ్ళుగా రోజూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అవతల వినేవాడు లేకపోతే ఎవరైనా అన్నాళ్ళు మాట్లాడతారా? నా గురించి కూడా ఒక్క మాట చెప్పమను' అంది."

"అయ్యో, అన్నా!"

"నిన్న మొక్కులయ్యాక నిన్నడుగుదామనుకున్నా. అందుకే నిన్ను కిందికి పంపింది. చాప మీది నుంచి లేచొచ్చినవాణ్ణి తీసుకెళ్ళి దానికి ఏమని చూపించను?"

"ఇప్పుడే వస్తాను. పదన్నా. ఈ వల తర్వాత చూద్దాం. లే!"

"కూర్చో."

"ప్రార్థన చేస్తానన్నా, కళ్ళు నులుముకోకుండా, పైకే, అందరూ వినేట్టు చేస్తాను. లే అన్నా!"

"కూర్చో తమ్ముడూ. 'తీసుకొస్తున్నావా?' అని నిన్న సాయంత్రమే అడిగింది. దానికి అబద్ధం చెప్పలేక జరిగింది చెప్పేశాను."

"చెప్పేశావా? వదినేమంది?"

"గోడవైపు తిరిగి పడుకుని, 'అయితే అవతల ఆ వినేవాడు కూడా లేడన్నమాట' అంది."