గ్రీకు రాణి, మూలపేట పిన్ని

మూలపేటలో పాక ముందు కూర్చుని పిన్ని వల బాగుచేస్తోంది. అక్క కూతురు టెక్కలి కాలేజీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలోని గ్రీకు కథ చెబుతోంది. గుజరాత్‌లోని వేరావల్‌కి, పడవల మీద చేపల వేటకి వెళ్లిన బాబాయి మూడేళ్ల తరవాత ఆ సాయంత్రమే తిరిగొస్తున్నాడు.

“రాజు యుద్ధానికెళ్లి ఇరవయ్యేళ్లు రాలేదు పిన్నీ. రాణిని మనువాడతామని మగోళ్లంతా ఇంటిమీద పడ్డారు. ఈ గుడ్డ నేసేక సెప్తానని, పగలు నేసింది రాత్రి ఇప్పేసేది.”

“నాను వల అలాగిప్పేత్తే పిల్లలకి కూడెవుడెడతాడే?”

“ఆయమ్మకి పనోళ్లున్నారు.”

“మరి రాజేటి సేసేడు?”

“తోవలో దేవకన్నె దగ్గర ఏడేళ్లున్నాడు.”

“దేవకన్నా! మీ బాబాయి దేవకన్నైతే వేరావల్‌లో రొయ్యల కంపెనీకెళ్తాది.”

“వచ్చేక ముష్టోడి ఏషమేసి, పెళ్లాం బుద్ధిగా ఉందో లేదో సూసేడు.”

“ఆడు, ఆమెనా? ఓలమ్మో! ఆ ముష్టిసిప్పతోనే నెత్తిమీద ఒకటియ్యలేదా?”

“పాత కథలో ఇవ్వలేదు. ఇది ఇప్పటి ఆడోళ్లు తిరగరాసింది. ఇందులో రాణి తన మాట తానే సెప్తాది.”

“ఏటంతాది?”

“ఇంకా అంతవరకూ సదవలేదు.”

“మా అత్త ఏటందో ఇను. మీ బాబాయి రాగానే కాళ్లు కడిగి దిష్టి తియ్యాలంట. ఏటీ అడక్కూడదంట.”

“తీత్తావా?”

“తీత్తాను. సముద్రం మీంచి బతికొచ్చినోడు కదా.”

పిన్ని వల పక్కన పెట్టి లేచింది.

“లే గుంటా, ఆ మంచం అటేపు పట్టు. అరుగుమీదెయ్యాల.”

“బాబాయికా? మీ అత్త ఊరుకుంటాదా?”

“ఆవిడ మాటే ఇంటన్నాను. నానేటీ అడగను. ఆడంతట ఆడు సెప్పేదాకా బయటే తొంగుంటాడు.”