గేటుకు కట్టిన కర్స్టీ గొంతు

కానిస్టేబుల్ గారూ, ఒక మనిషి గొంతును గేటుకు కట్టి, మనిషిని మాత్రం గదిలో వదిలేస్తే, తీగ తెంచిన నేనా నేరస్థుణ్ణి?

నా పేరు మర్డో మాకాస్కిల్. వయసు అరవై ఎనిమిది. కెనడాలో, నోవా స్కోషియాలోని ఈ కిల్‌బ్రే రేవులో పడవలు బాగు చేస్తాను, ఆదివారాలు వాక్యం చెబుతాను. నన్ను బడి చదివించలేదు, బైబిలు చదివించింది.

ఈరోజు శనివారం, మన స్కాటిష్ ఉత్సవం. మొదట్లో చర్చి వెనక ఒక గుడారం, బ్యాగ్‌పైపులు ఊదేవాళ్లు ఇద్దరు, అంతే. ఇప్పుడు మైదానం చాలడం లేదు. ఈసారి గేటుకు లౌడ్‌స్పీకరు కట్టి, ఒకప్పుడు మన చర్చిలో పాట అందించిన కర్స్టీ మాకాలే పాత రికార్డు వేశారు. మన తాతలు స్కాట్లండ్ నుంచి తెచ్చుకున్న గేలిక్ భాషలో కీర్తన. మా పద్ధతిలో ఒకరు చరణం అందిస్తే సభంతా అందుకుంటుంది. రికార్డులో అందించడమే ఉంది. చరణం, తర్వాత ఖాళీ. మళ్లీ చరణం, మళ్లీ ఖాళీ. గళ్ల లంగాల్లాంటి కిల్టులు కట్టుకున్న జనం ఆ ఖాళీలో సాసేజీలు తింటూ లోపలికి నడిచారు. నోరుండీ పలకని విగ్రహాల గురించి బైబిల్లో ఒక కీర్తన చెబుతుంది. ఈ లౌడ్‌స్పీకరు పలుకుతుంది, చెవులే లేవు.

కర్స్టీ చనిపోలేదు. తొంభై ఒకటో ఏట, మైదానం పక్కనే వృద్ధాశ్రమంలో ఉంది. రెండు గంటలకు నేను అటుగా వెళ్తుంటే కిటికీలోంచి వినబడింది. గేటు అందిస్తోంది, ఆమె అందుకుంటోంది. తన గొంతుకు తానే సభ. పొద్దున్నుంచీ ఇదే పని, గొంతు బొంగురుపోయిందని నర్సు చెప్పింది.

ముసలితనంలో నన్ను విడిచిపెట్టకు అని వేడుకున్న భక్తుడు గుర్తొచ్చాడు. గేటుకెళ్లి, తాళ్లు కోసే కత్తితో తీగ తెంచాను.

ఉత్సవ కమిటీ పెద్ద ఆర్చీ గన్ వచ్చాడు. "ఏం మర్డో, తీగలు కొయ్యమని కూడా బైబిల్లో ఉందా?"

"ఆవిడ బతికే ఉందని తెలుసా నీకు?"

"తెలుసయ్యా. పొద్దంతా ఇక్కడ నిలబడి పాడగలదా? ఇదైతే అలసిపోదు."

ఆమెకు విశ్రాంతి దొరికిందనుకుని ఆశ్రమానికి వెళ్లాను. కర్స్టీ కిటికీ రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"అందరూ వెళ్లిపోయారా మర్డో? ఇందాకటిదాకా ఎవరో చరణం అందించారే."

అది తన గొంతని ఆమె గుర్తుపట్టలేదు. తనను పిలిచిన ఒక్క గొంతునూ నేనే కోసేశాను.

నేను చరణం అందించాను. ఆమె అందుకుంది. తర్వాత తలుపు వైపు చూసింది, మిగతావాళ్ల కోసం.

తీగ తెంచింది నేనే. చెప్పిందంతా నిజం. దేవుడి ఎదుటా, మీ ఎదుటా నాది ఒకటే మాట.

(సంతకం) మర్డో మాకాస్కిల్

సంతకం కింద ఇది కూడా రాసుకోండి. మీ నాయనమ్మ ఆ చర్చిలో కర్స్టీ పక్కనే కూర్చునేది. గేలిక్ మాటలు రాకపోయినా కీర్తన రాగం మీకు వచ్చే ఉంటుంది. టోపీ తీసి నాతో రండి. రేపు కాదు, ఈరోజే. ఆమె కిటికీ మూసుకోకముందే రండి.