మాది కాదన్న కంబళి

కటకటాల్లో ఆ గోడపక్కకు తిరిగి కూసుంటే ఎట్లయ్యా? ఇట్ల తిరుగు. జవాను బీడీ తాగేదాకనే మాట్లాడమన్యాడు, మళ్ళా తరిమేస్తాడు. నేనేమన్నా కావాలని చేసినానా?

నువ్వు చెప్పమన్నట్లే చెప్పినా. తొండూరు కాన్నుంచి పులివెందులకు నడుస్తా దోవంతా అదే మాట. "మాది కాదు సామీ, మాది కాదు." నోరెండిపొయ్యింది.

టేసన్లో బల్లమింద కంబళ్ళు పరిసినారు. అన్నీ నల్లయే, అన్నీ మన కురబోళ్ళు నేసినయే. ఆసామి గడ్డివామి తగలబడిన కాడ దొరికింది యాదో, ఊర్లో అడిగి తెచ్చినయి యావో, చూస్తే తెలుస్తాదా? "చిన్నసుబ్బమ్మా, చేతికి తీసుకోని చూడు. నీ మొగుడు తిప్పన్నది ఇందులో ఉందా?" అన్యాడు ఎస్సై. ఒగటి ఎత్తితి, మాది కాదంటి, పెట్టేస్తి. ఇంగోటీ అంతే.

దాని పక్కదీ మాది కాదనే అన్యా! గట్టిగానే అన్యా. ఆయప్ప నా మొగం చూడల్యా. నా చేతులు చూస్తాండాడు. ఏందబ్బా అని నేనూ చూసుకున్యా.

పల్లేరుముండ్లు ఏరతాండానయ్యా! గొర్రెల్ని దొడ్లోకి తోలి నువ్వు కంబళి నా ఒళ్ళో పారేస్తావే, నీతో మాట్లాడతా మాట్లాడతా నేను ముండ్లు తీస్తానే, అట్ల. తీసి, దులిపి, నువ్వు తలమింద కప్పుకునే పక్కకే మడిచి, భుజాన కూడా ఏసుకున్యా. నాకు తెలిస్తే గదా!

"ఇంగ చాల్లేమ్మా" అన్యాడు. వేలిముద్ర ఏపిచ్చుకున్యాడు.

తిట్టు. తిట్టన్నా తిట్టు. కోర్టులో మళ్ళా చేతికిస్తారంట. ఏం చేసేది? చేతులు ఇంట్లో పెట్టి పోయేదానికైతాదా?

గొర్రెల్ని బందెలదొడ్లో పెట్టిచ్చినాడని ఆసామి మింద నీకు కోపం, ఊరందరికీ తెలుసు. అయినా "నేను ఆ పక్కకే పోలేదు, కంబళి ఎవురో ఎత్తుకోని పొయినారు, మనదంటే నామిందికే వస్తాది" అని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తివి. నమ్మినా. నమ్మే గదా అంత దూరం నడిచింది.

వామి కింద పండుకున్న కావలి ఓబులయ్య ఒళ్ళంతా కాలి జమ్మలమడుగు ఆస్పత్రిలో అరిటాకు మింద ఉండాడు. బతికేది నమ్మకం లేదంట. మన బిడ్డకు జరమొస్తే భుజానేసుకోని ఆస్పత్రికి పరిగెత్తిందెవురు? ఆయప్పే గదా?

ఒగ మాట చెప్పాల. ఆ కంబళి ఎత్తంగానే అంచు వేళ్ళకు గరుగ్గా తగిలింది. ఉన్ని కాలి ఉండలు కట్టుండాది. మన పొయ్యి కాడ కాలింది కాదది. దాంట్లో చిల్లు యాడుందో, అతుకు యాడుందో నాకు తెల్దా? చెయ్యి ఆడ నిలబడిపొయ్యింది. ఆ తర్వాతనే ముండ్లు ఏరబట్టింది.

అలవాటున ఏరిందో, ఓబులయ్య కోసరం ఏరిందో... నా చెయ్యే అది, అయినా నాకు తెల్దు.

జవాను లేసినాడు. సంకటి ఆడ పెట్టినా, చల్లారిపోతాంది. తింటే తిను.